నాలుగో జ్వరం

మారికుప్పం రైలు
2022 జనవరి 19

అత్తకు నయన రాసేది,

రైలు బంగారుపేట దాటింది. మారికుప్పంలోనే ఎక్కుతాను కాబట్టి కిటికీ పక్క సీటు దొరుకుతుంది. అక్షరాలు వంకర పోతే తప్పు నాది కాదు, పట్టాలది.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. "ఎవరు? ఎవరు?" అని రెండుసార్లు అడిగి మునివెంకటప్ప బావ చేతికిస్తావు. ఇది బావతో చెప్పే సంగతి కాదు. అందుకే ఉత్తరం. వేసవి సెలవుల్లో నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి, తప్పులుంటే నిన్నే తిట్టుకో.

పోయిన వారం బెంగళూరులో డాక్టర్ కమలాక్షిగారికి చూపించుకున్నాను. నాకూ వసంత్‌కూ పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఇన్నాళ్ళకు కారణానికి ఒక పేరు దొరికింది. అండాశయాల్లో చిన్న తిత్తులు పేరుకున్నాయట. ఒంట్లో మగ హార్మోను ఎక్కువగా ఉంది. నెల నెలా విడుదల కావలసిన అండం విడుదల కావడం లేదు. పిండాన్ని బయట తయారుచేసి లోపల పెట్టే పద్ధతికి వెళదాం అన్నారు. అంతకుముందు కొన్ని నెలలు ఒంటిని దారిలో పెట్టుకోవాలి.

నాతో రోజూ రైల్లో వచ్చే శ్రీరక్ష ఒక మాత్ర చెప్పింది. పేరు రెస్వెరట్రాల్. పాలీఫినాల్ జాతి పదార్థం. మొక్కలు తెగులు నుంచి కాపాడుకోవడానికి తమకోసం తయారుచేసుకుంటాయట. ద్రాక్ష తోలులో, వేరుశెనగలో, మల్బరీలో ఉంటుందని రాసుంది. మల్బరీ అని చదవగానే మీ పట్టుపురుగుల గది గుర్తొచ్చింది.

నాకు ఏడేళ్ళప్పటి సంగతి. పురుగులు తల పైకెత్తి కదలకుండా ఉన్నాయి. "జ్వరానికి కూర్చున్నాయి, నోరు మూసుకో" అన్నావు. పొర విడిచేముందు పురుగు మేత మానేసి కూర్చోవడాన్ని మీరు జ్వరం అంటారని నాకేం తెలుసు? నాన్న సంచిలోని జ్వరం మాత్ర నలిపి ఆకు మీద చల్లబోయాను. నువ్వు చెయ్యి పట్టుకుని బయట కూర్చోబెట్టావు. జ్వరం వదిలేదాకా నన్ను ఆ గది గడప తొక్కనివ్వలేదు.

ఈసారి మాత్ర నాకే. డాక్టరుగారిని అడిగే మింగుతున్నాను. "పరీక్షించి చూసింది కొద్దిమంది మీదే. కొందరిలో మగ హార్మోను తగ్గింది. రుజువైపోయింది అనడానికి అది చాలదు. కావాలంటే వేసుకోండి, నాకు చెప్పకుండా మాత్రం ఏదీ వేసుకోకండి" అన్నారు.

టేకల్ వచ్చింది. ఇక్కడ జనం ఎక్కుతారు. మోచేయి కదలదు. ఉంటాను.

నీ నయన

*

గౌనిపల్లి
2022 ఫిబ్రవరి 3

నయనమ్మకు అక్కయమ్మ అత్త దీవెనలు.

ఉత్తరం అందింది. నీ అదృష్టం బాగుంది. ఆ రోజు ఆదినారాయణప్ప చింతామణికి పెళ్ళికి పోయాడు. లేకపోతే నీ తిత్తుల సంగతి నాకంటే ముందు ఊరికి తెలిసేది.

మన ఊళ్ళో ఇప్పుడు ఎవరి చదువైనా కన్నడంలోనే. తెలుగు చదవగలిగేది ఇద్దరమే, నేను, ఆదినారాయణప్ప. పోస్టతను ఉత్తరాలు పాల డైరీలో ఇచ్చి పోతాడు. ఆదినారాయణప్ప పొద్దున్నే అక్కడ కూర్చుంటాడు. తెలుగు ఇన్‌లాండ్ ఉత్తరం కనబడితే మడత విప్పి, తెలుగు నిలబెట్టే బాధ్యత తనదే అన్నట్టు గొంతు సవరించుకుని పైకి చదువుతాడు. తిట్టడానికీ మనసొప్పదు. మీ నాన్నా అతనూ కేజీఎఫ్ గనుల దగ్గర చాంపియన్ రీఫ్ తెలుగు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. రెండు బల్లల వెనక నేను. ముగ్గురికీ ఒకే మాస్టరు. తలకట్టు గని పలుగులా వంగి మొన తేలాలి అనేవారు. ఇప్పటికీ మా ముగ్గురి రాతా ఒకటే. మీ నాన్న లేడు కాబట్టి ఇద్దరిదీ అనాలి.

అందుకని ఒక ఉపాయం. నీ మాత్రను "ఆకు" అని రాయి. వైద్యంలో ఒక్కో దశ ఒక్కో "జ్వరం". పిండం లోపల పెట్టడం "తట్ట మార్చడం". డాక్టరమ్మ పట్టుశాఖ "ఆఫీసరమ్మ". అసలు సంగతి, కడుపు నిలవడం, "గూడు". ఎవరు చదివినా నువ్వు కేజీఎఫ్‌లో పట్టుపురుగులు పెట్టావనుకుంటారు.

మన మల్బరీలో మందు ఉందంటే నాకు గర్వంగానే ఉంది. యాభై ఏళ్ళు పురుగులకు పెట్టాను, నేను మాత్రం ఒక్క ఆకు నమల్లేదు. బావి దగ్గరి చెట్టు పండ్లు బెల్లం పాకం పట్టి బావతో పంపుతున్నాను. తిను.

రైలు గురించి రాశావు. మా చిన్నప్పుడు పొద్దున గని సైరను, అదే సంగు, మోగితే గనివాళ్ళ లైన్ ఇళ్ళన్నిటిలో ఒకేసారి పొయ్యిలు వెలిగేవి. భూమి లోపల ఎక్కడో రాయి పగిలితే గూట్లో గిన్నెలు కదిలేవి. అమ్మ గిన్నెలు పట్టుకునేది కాదు, నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. గని రాయి పిండి చేసే మిల్లు చప్పుడు రాత్రీ పగలూ ఉండేది. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో అది లేక నిద్రపట్టేది కాదు. తర్వాత పురుగుల చప్పుడు అలవాటైంది. ఆఖరి మేతప్పుడు గదినిండా ఆకు తింటుంటే పెంకు మీద వాన పడినట్టుంటుంది. అది వినపడి ఐదేళ్ళయింది. ఇప్పుడు తట్ట అంచు మీద వేలు పెట్టి చూస్తాను. కొంచెం అదురుతుంది.

మాత్ర వేళకు వేసుకో.

మీ అత్త అక్కయమ్మ

*

మారికుప్పం రైలు
2022 ఏప్రిల్ 21

అత్తకు,

పాకం సీసా ఖాళీ అయింది. సగం వసంత్ తిన్నాడు. పండ్లలో ఆ పదార్థం ఉండేది బహు తక్కువట, ఎంత తిన్నా భయం లేదు, లాభమూ లేదు, రుచి మాత్రం ఉంది అని ఆఫీసరమ్మ చెప్పింది. ఇంకో సీసా పంపు.

పురుగుల సంగతి. మూడు జ్వరాలు సక్రమంగా దాటాయి. ఆకు పెట్టిన దగ్గర్నుంచి నెల లెక్క తప్పలేదు. అది ఆకు వల్లా, నేను రోజూ నడవడం వల్లా అంటే ఆఫీసరమ్మ రెండిట్లో దేనికీ సంతకం పెట్టదు.

ఇప్పుడు నాలుగో జ్వరం. ఆకు ఆపేయమంది. "ఇంతవరకు పెట్టింది తప్పు కాదు. తట్ట మార్చేటప్పుడు మాత్రం వద్దు. పురుగు కొత్త తట్టను పట్టుకోవాలంటే ఆ తట్ట మెత్తగా సిద్ధమవ్వాలి. ఈ ఆకు ఆ పనికి అడ్డం పడుతుందని ప్రయోగాల్లో కనబడింది. జపాన్‌లో ఒక కేంద్రం వాళ్ళు పాత లెక్కలు తీసి చూశారు. ఆకు ఆపకుండా పెట్టిన చోట గూళ్ళు తక్కువ వచ్చాయి, వచ్చినవాటిలో రాలిపోయినవి ఎక్కువ. ఒక్క చోటి లెక్కే, అయినా మనకెందుకు" అంది.

మే పదిన తట్ట మారుస్తారు. రెండు తయారయ్యాయి. ఒకటి ఇప్పుడు, ఒకటి చలిపెట్టెలో.

ఆకు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగడం మరిచిపోయాను. గది బయటికి రాగానే గుర్తొచ్చింది, లోపలికి పోతే వేరే మనిషి కూర్చుని ఉంది. నువ్వయితే ఏమంటావు?

వైట్‌ఫీల్డ్ వచ్చేసింది. దిగాలి.

నయన

*

గౌనిపల్లి
2022 మే 4

నయనమ్మా,

దీవెనలు. నీ ఉత్తరం ఈసారి ఆదినారాయణప్ప డైరీలో చదివాడు. నేను పాలు పోయడానికి పోయేసరికి నలుగురు నిలబడి వింటున్నారు. ఆదినారాయణప్ప నాకు వినపడాలని చెవి దగ్గర అరిచాడు.

"ఏమక్కా, నీ మేనకోడలు కేజీఎఫ్‌లో పురుగులు పెట్టినాదంట గదా! నాకు ఒక మాట చెప్పలేదే! యాడ పెట్టినాది? ఆ లైన్ ఇండ్లల్లో జాగా యాడుండాది?"

"ఉండేదాంట్లోనే పెట్టుకుందిలే" అన్నాను.

"తెల్లగూళ్ళా, పసుపుగూళ్ళా?"

"ఇంకా తెలీదు."

"గుడ్లు తెచ్చేటప్పుడే తెలుస్తాది గదక్కా! ఏం పురుగులో తెలీకుండా ఎవురన్నా పెడతారా?"

డైరీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. జపాన్ మాట అతనికి బాగా పట్టింది. "జపాన్ వాళ్ళు చెప్పినారంటే ఇంగ తిరుగుండదు" అని రోజూ చెబుతున్నాడు.

ఆకు మళ్ళీ ఎప్పుడు అని అడిగావు. అది ఆఫీసరమ్మనే అడుగు. నా పురుగులు వేరు, ఆమె పురుగులు వేరు.

మామిడి ఈసారి పూత బాగా నిలిచింది. బాదామి కాయలు పండగానే శ్రీనివాసపురం మండీకి పోయేముందు నీకు ఒక బుట్ట తీసి పెడతాను. మీ నాన్న బాదామి అంటే తొక్క కూడా వదిలేవాడు కాదు. గని మూసిన ఏడాది వచ్చి బావి గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే తిన్నాడు. చివరికి చేతులు కడుక్కుంటూ "సంగు లేకపోతే ఎప్పుడు లేవాలో తెలీడం లేదక్కయ్యా" అన్నాడు. నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కయ్యా అనే పిలిచేవాడు, పేరు సగం మింగి.

ధైర్యంగా ఉండు.

అత్త

(మడత మీద:) జ్వరం వదలగానే ఆకు నిండుగా పెట్టు తల్లీ. ఆకలి మీద ఉంటాయి. లోపం చెయ్యొద్దు.

*

రాబర్ట్‌సన్‌పేట
2022 జూన్ 8

అత్తకు,

కవరులో పెట్టి అంటించి పంపుతున్నాను, అందుకని గుట్టు భాష వద్దు.

గర్భం నిలవలేదు. మే పదిన పెట్టారు. ఇరవై నాలుగున రక్తపరీక్ష చేశారు. లేదన్నారు. ఒంట్లో నొప్పి లేదు. పనికి పోతున్నాను. వసంత్ ఇంట్లో ఉన్నప్పుడు రేడియో పెట్టి ఉంచుతాడు. ఇద్దరం వినం.

నీకు చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. చెప్పకపోతే నీ తర్వాతి ఉత్తరాలు నేను సరిగ్గా చదవలేను.

పిండం పెట్టిన మర్నాడు నీ ఉత్తరం మళ్ళీ తీశాను. లోపల ఆఫీసరమ్మను అడగమన్నావు. మడత మీద మాత్రం జ్వరం వదలగానే ఆకు నిండుగా పెట్టు అని రాశావు. డైరీ దాకా నడుస్తూ ఆలోచించుకుని, నిలబడి రాసి ఉంటావు అనుకున్నాను. పెట్టడం అయిపోయింది, అంటే జ్వరం వదిలింది అని లెక్కవేసుకున్నాను. ఫోన్ చేసి అడిగితే నర్సు ఎత్తుతుంది, "అన్నీ మామూలే" అంటుంది. రెండు మాత్రల చొప్పున వేసుకున్నాను. నిండుగా అన్నావు కదా.

డాక్టరుగారితో చెప్పాను. ఆమె కోప్పడలేదు. కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసింది. లోపలి పొర, పిండం వచ్చి అంటుకున్న తర్వాత కూడా కొన్ని రోజులు మారుతూనే ఉండాలట. అప్పుడే ఈ పదార్థం అడ్డం పడేది. ఆ పొర అతిగా పెరిగే జబ్బున్నవాళ్ళకు ఇదే గుణం మేలు చేస్తుందేమో అని పరిశోధిస్తున్నారు. గుణం ఒకటే, వేళ వేరు.

"మాత్ర వల్లే పోయిందా?" అని అడిగాను.

"అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఏ మాత్రా వేసుకోనివాళ్ళలోనూ సగం మందికి పైగా మొదటిసారి నిలవదు" అంది.

నేను నిన్ను నిందించడానికి రాయలేదు. మింగింది నేను. మామిడికాయల బుట్ట అందింది. బాగున్నాయి.

నయన

*

గౌనిపల్లి
2022 జూన్ 19

నయనా,

ఆ మాట నాది కాదు.

నేను ఉత్తరం లోపలే ముగించాను. అంటించి, డైరీలో పోస్టతని కోసం పెట్టి వచ్చాను. మడత మీద నేను ఏమీ రాయలేదు. నువ్వు రాసిన మాటలు మూడుసార్లు చదివాను. "తల్లీ" అని నేను నిన్ను ఏనాడైనా పిలిచానా?

చెప్పులు వేసుకుని డైరీకి పోయాను. ఆదినారాయణప్ప బల్ల మీద ఉన్నాడు. అందరూ ఉన్నారు. నా గొంతు ఎంత పైకి లేస్తుందో నాకు తెలియదు కదా, బయటికి రమ్మని వేలు చూపించాను. చింత చెట్టు కింద నిలబెట్టి అడిగాను.

"నా ఉత్తరం మీద రాసినావా?"

"రాసినా. ఒక్క మాటే గదక్కా. జాగా మిగిలుండాది, మంచి మాటే రాసినా. జ్వరం వదిలిన పురుగుకు ఆకు తక్కువైతే గూడు పలచబడతాది. నువ్వు మరిచిపోయినావేమో అని…"

"అది పురుగులు కాదప్పా."

అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను, నీ పేరు పెట్టే చెప్పాను. తిత్తులు, మాత్ర, డాక్టరు, అన్నీ. క్షమించు, ఇంకో దారి లేదు. అతని పెదవులు కదలడం చూస్తూ నిలబడ్డాను. ఇంతే అన్నాడు.

"నేను పురుగులనుకుంటి గదక్కా."

తలకట్టు గని పలుగులా వంచిన మాస్టరు రాత. నా రాత అని నువ్వు అనుకోవడంలో తప్పు లేదు. మీ నాన్న ఉన్నా పోల్చలేడు.

అతను చెప్పింది పురుగుల విషయంలోనూ సగమే. జ్వరం ఒక్కసారిగా వదలదు. తట్టలో కొన్ని ముందు లేస్తాయి, కొన్ని ఆలస్యంగా. ముందు లేచినవాటిని చూసి కొత్తవాళ్ళు ఆకు వేసేస్తారు. ఇంకా కూర్చున్నవి ఆకు కింద పడిపోతాయి. చివరి పురుగు లేచేదాకా ఆగాలి. ఇది నీకు చిన్నప్పుడు చెప్పే ఉంటాను. చెప్పకపోయి ఉంటే ఇప్పుడు చెప్పినట్టు. అయినా ఇది నా గది లెక్క. నీ లెక్క డాక్టరమ్మ చెప్పేది. రెండూ కలిపి చదువుకున్నందుకే ఇంత అయింది. ఆ గుట్టు భాష నేనే పెట్టాను. ఇంక వద్దు.

వసంత్‌ను రేడియో ఆపేయమను. మాట్లాడుకోండి.

అక్కయమ్మ

*

మారికుప్పం రైలు
2022 ఆగస్టు 30

అత్తకు,

ఇది కూడా కవరే. జూలైలో రాయలేదు, నువ్వూ రాయలేదు. సరిపోయింది.

రెండోది చలిపెట్టెలో ఉంది కదా. సెప్టెంబరు ఇరవై ఏడున పెడతారు. ఇది కూడా నిలవకపోతే ఇంకో ప్రయత్నానికి నా అండాలు సరిపోతాయో లేదో చెప్పలేమంది డాక్టరుగారు. మాత్రలు ఆపేశాను. ఈసారి అడగవలసింది ముందే అడిగాను. నిలిస్తే కాన్పు అయ్యేదాకా వద్దు, ఎందుకంటే కడుపులో బిడ్డకు ఇది ఏం చేస్తుందో మనుషుల్లో ఎవరూ సరిగ్గా చూడలేదు. నిలవకపోతే అప్పుడు చూద్దాం.

సీసా పారేసేముందు వెనక చిన్న అక్షరాలు చదివాను. మల్బరీ కాదత్తా. ద్రాక్షా కాదు. ద్రాక్ష బొమ్మ ముందు వేశారు, తీసింది మాత్రం చైనాలో పెరిగే ఏదో కలుపుమొక్క వేరులోంచి. నీ చెట్టుకు ఏ పాపమూ లేదు. శ్రీరక్షకు చూపిస్తే "అయ్యో, నేను మూడేండ్లుగా ద్రాక్షని తింటున్నాననుకుని మింగినానే!" అంది. ఆమె ఎముకల కోసం మింగుతోంది. ఆమెనూ తన డాక్టర్ని అడగమన్నాను.

మొన్న ఆదివారం వసంత్, నేను గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బ దాకా నడిచాం. వాన పడి దిబ్బ మీద చారలు పడ్డాయి. నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని అక్కడికి తీసుకుపోయేవాడు. టైమ్ ఆఫీసు గుమాస్తా కదా, షిఫ్టులో దిగినవాళ్ళ లెక్కా ఎక్కినవాళ్ళ లెక్కా సరిపోయేదాకా ఇంటికి రాలేనని చెప్పేవాడు. ఇప్పుడు ఆ ఆఫీసుకు పైకప్పు లేదు. గోడ మీద గడియారం ఉన్న గుర్తు గుండ్రంగా తెల్లగా మిగిలింది.

ఈసారి నీ మాట ఒకటి కావాలి. పురుగుల మాట కాదు. ఊరికే, నీ మాట.

నయన

*

రాబర్ట్‌సన్‌పేట
2022 అక్టోబరు 4

అత్తకు,

ఇరవై ఏడున పెట్టారు. పదకొండున పరీక్ష. ఇంట్లోనే ఉన్నాను, సెలవు పెట్టాను.

నువ్వు జవాబు రాయలేదు. నిన్న మునివెంకటప్ప బావ రాగులు తెచ్చి ఇచ్చాడు. "ఉత్తరం ఏమన్నా ఇచ్చిందా?" అంటే, "లేదమ్మా, ఇంట్లో నీ పేరెత్తితేనే లేచి పోతాండాది. ఏమైనాదో తెలీదు" అన్నాడు.

నా సంగతి ఆదినారాయణప్పకు తెలిసిందని సిగ్గుపడుతున్నావా? నాకు సిగ్గు లేదు. లేక ఆయన మాటను నీ మాట అనుకున్నానని నొచ్చుకున్నావా? అలా అయితే ఆ నొప్పి నాకూ ఉంది. లేక పిల్లలు లేని మేనకోడలికి ఇంక రాసేదేముందని అనుకుంటున్నావా? ఇది రాయకూడదని తెలుసు. రాశాను. కొట్టెయ్యను.

ఏదైనా సరే, రెండు ముక్కలు రాయి.

నయన

*

గౌనిపల్లి
2022 అక్టోబరు 8

నయనమ్మా,

కోపం లేదు. సిగ్గు లేదు. నువ్వు కొట్టెయ్యని మాటకు జవాబు అసలే లేదు. అలాంటిది ఇంకోసారి రాస్తే వచ్చి చెంప మీద ఒకటిచ్చి పోతాను.

నీ ఆగస్టు ఉత్తరం రాగానే రాయడానికి కూర్చున్నాను. తేదీ వేసి ఆపేశాను. జ్వరానికి కూర్చున్నప్పుడు ఆ గదిలో మాట్లాడకూడదు, తట్ట తాకకూడదు. మా అత్తగారు గడప మీద చీపురు అడ్డం పెట్టేది, ఎవరూ పోకుండా. నిన్ను ఏడేళ్ళప్పుడు బయట కూర్చోబెట్టింది అందుకే. మే నెలలో నీ గదిలోకి ఒక మాట పోయింది. నాది కాకపోయినా నా ఉత్తరం మీద ఎక్కే పోయింది. ఈసారి నా నుంచి ఏ మాటా పోనివ్వకూడదనుకున్నాను. బావ నీ పేరెత్తితే లేచిపోయేదీ అందుకే. నోరు తెరిస్తే ఏదో ఒక సలహా వస్తుంది నాకు.

నువ్వు దాన్ని వేరేగా చదువుతావని తోచలేదు. గుట్టు భాష వద్దని నేనే రాసి, నేనే ఆ భాషలో మౌనంగా ఉన్నాను.

ఆదినారాయణప్ప డైరీలో ఎవరి ఉత్తరాలూ చదవడం లేదు. ఎవరైనా ఇస్తే "కండ్లు మసకలప్పా" అంటాడు. అబద్ధం. పేపరు చదువుతాడు.

నాకు చెవులు లేకపోయినా కళ్ళున్నాయి. పదకొండు తర్వాత ఏదైనా సరే, రాయి. నిలిస్తే రాయి, నిలవకపోయినా రాయి. నిలవకపోతే బావను పంపుతాను, వచ్చి నెల రోజులుండు. మల్బరీ కొత్త చిగురు వేసింది.

మీ అత్త

*

మారికుప్పం రైలు
2022 నవంబరు 9

అత్తకు,

చూశావా, అంటించిన కవరు కాదు, ఇన్‌లాండ్ ఉత్తరం. కావాలనే.

అక్టోబరు పదకొండున పరీక్షలో ఉందన్నారు. నీకు వెంటనే రాయలేదు. ముందు లేచిన పురుగును చూసి ఆకు వేయకూడదు కదా. నిన్న స్కానింగ్ చేశారు. గుండె కొట్టుకుంటోంది.

డాక్టరుగారు అప్పుడు కూడా తన ధోరణిలోనే మాట్లాడింది. ఈసారి నిలవడానికి మాత్ర ఆపడమే కారణం అని ఎవరితోనూ చెప్పొద్దంది. ఒక్క మనిషి కథతో ఏదీ రుజువు కాదంది. సరే అన్నాను. ఇంకా జాగ్రత్తగా ఉండవలసిన నెలలు ఉన్నాయి. అవీ చెప్పింది.

స్కానింగ్ గదిలో ఆ చప్పుడు పైకి వినిపించారు. వసంత్ ఫోన్లో పట్టాడు. నీకు పంపితే ఉపయోగం లేదు కాబట్టి రాస్తున్నాను, చదువుకో. ఆఖరి మేతప్పుడు గదిలో ఆకు తింటున్న చప్పుడు గుర్తుందా, పెంకు మీద వాన? అది ఎక్కడా ఆగకుండా ఉండేది. ఇది ఒక్కొక్క చినుకుగా వినపడుతుంది, కానీ చాలా తొందర. వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టు. కింద ఇంకో చప్పుడు మెల్లగా ఉంది, మిల్లు లాగా. అది నాదట.

తట్ట అంచు మీద వేలు పెట్టినట్టు నా పొట్ట మీద పెట్టి చూద్దువుగాని. అప్పటికి కొన్ని నెలలు పడుతుంది. నువ్వే రావాలి. మారికుప్పం రైలు కిటికీ పక్క సీటు నీకు ఇస్తాను.

టేకల్ వచ్చింది. ఎవరో నన్ను కూర్చోమని జరుగుతున్నారు, కూర్చునే ఉన్నాను. శ్రీరక్ష అందరికీ చెప్పేసినట్టుంది.

నీ నయన

(మడత మీద:) ఆదినారాయణప్ప మామా, ఇది పురుగుల సంగతి కాదు, నా సంగతే. తెల్లగూడో పసుపుగూడో ఈసారి అడగొద్దు, చెబితే డాక్టరును జైల్లో పెడతారు. మీ కండ్లకు ఏమీ కాలేదని అత్త రాసింది. గొంతు సవరించుకోండి. మొదటి నుంచి చివరిదాకా డైరీలో అందరికీ చదవండి, చప్పుడు ఉన్న చోట కొంచెం నెమ్మదిగా. తర్వాత అత్త చేతికివ్వండి.